వ్యూస్ వేరు, గిరాకీ వేరు: చిన్న వ్యాపారాల వీడియోల చుట్టూ అల్లుకున్న అపోహలు

వీడియోల గురించి చిన్న వ్యాపారులకు చేరే సలహాలు చాలావరకు వేరేవాళ్ల కోసం పుట్టినవి. ప్రకటనల రాబడి మీద యూట్యూబ్ ఛానల్ నడిపేవాళ్లకు ప్రతి వ్యూ ఎంతో కొంత డబ్బు. చూసినవాళ్లు ఎక్కడివాళ్లు, తర్వాత ఏమైనా కొన్నారా అన్నది వాళ్లకు పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదు. పైపుల రిపేర్లు చేసేవారికో, కొలతలు తీసుకుని అలమరాలు చేసిచ్చేవారికో, లెక్కల ట్యూషన్ చెప్పేవారికో సంగతి వేరు. తాము వెళ్లి పని చేయగలిగినంత దూరంలో ఉన్న మనిషి, ఆ పని అవసరం పడ్డ వారంలో చూడాలి. చూసి ఫోన్ చేయాలి. అలాంటివాళ్లు నెలకు నలభై మంది చూసినా వ్యాపారం సాగిపోతుంది.

రోజుకో వీడియో పెట్టాలి, ట్రెండింగ్ పాట వేయాలి, మూడు సెకన్లలో కట్టిపడేయాలి, ఎలాగైనా వైరల్ కావాలి... ఈ సూత్రాలన్నీ మొదటి రకం వృత్తిలోంచి వచ్చినవే. అక్కడ అవి పనిచేస్తాయేమో. రెండో రకం వాళ్లు వాటినే నెత్తికెత్తుకోవడంతో చిక్కులు మొదలవుతాయి.

వ్యూ అంటే ఎంతసేపు?

వ్యూస్ అంకె అన్నిచోట్లా ఒకటే అనుకోవడం అన్నిటికన్నా పాత అపోహ. ఫేస్‌బుక్‌లో ఏళ్ల తరబడి 3 సెకన్లు ఆడితే ఒక వ్యూగా లెక్కించారు. యూట్యూబ్‌లో స్కిప్ చేయగల ప్రకటనకైతే 30 సెకన్లు చూడాలి. ప్రకటన అంతకంటే చిన్నదైతే చివరిదాకా చూడాలి, లేదా దాని మీద నొక్కాలి. షార్ట్స్ దారి ఇంకోటి. 2025 మార్చి 31 నుంచి అవి తెర మీద ఆడటం మొదలైతే చాలు, వ్యూ పడినట్టే. తిరిగి మొదటికొచ్చి ఆడితే మరో వ్యూ. ఆ తేదీ తర్వాత మీ షార్ట్స్ అంకె ఒక్కసారిగా ఎగబాకి ఉంటే సంబరపడే ముందు ఇది గుర్తుంచుకోండి: జనం పెరగకపోయినా కొలత మారితే అంకె పెరుగుతుంది. పాత పద్ధతి లెక్క యూట్యూబ్ స్టూడియోలో, అంటే ఛానల్ లెక్కలు చూపే పేజీలో, ‘ఎంగేజ్డ్ వ్యూస్’ పేరుతో ఉంది. వెనకటి నెలలతో పోల్చేటప్పుడు దాన్నే చూడాలి.

పైగా కొలబద్ద పట్టుకునేదీ, దాన్ని చూపించి ప్రకటనలు అమ్ముకునేదీ ఒకరే. ఫేస్‌బుక్ 2016లో తన లెక్కలో తప్పు దొర్లిందని ఒప్పుకుంది. సగటున ఎంతసేపు చూశారో చెప్పేటప్పుడు, మొత్తం చూసిన సమయాన్ని 3 సెకన్లు దాటినవాళ్ల సంఖ్యతో మాత్రమే భాగించారు. అంతకుముందే వేలితో జరిపేసి వెళ్లిపోయినవాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. దాంతో సగటు 60 నుంచి 80 శాతం దాకా ఎక్కువ కనిపించి ఉండొచ్చని ఒక పెద్ద ప్రకటనల సంస్థకు చెప్పుకోవాల్సి వచ్చింది. దీని మీద ప్రకటనదారులు వేసిన దావా 2019లో 4 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది.

మరి ఏం లెక్కపెట్టాలి? ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ ‘మా గురించి ఎక్కడ చూశారు?’ అని అడిగి, తేదీ వేసి ఒక పుస్తకంలో రాసుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్నా దీన్ని మానొద్దు. ఎందుకంటే వీడియో చూసినవాళ్లలో చాలామంది లింకు నొక్కరు. పేరు గుర్తుపెట్టుకుని రెండు రోజుల తర్వాత గూగుల్‌లో వెతికి ఫోన్ చేస్తారు. అప్పుడు ఆ గిరాకీ గూగుల్ ఖాతాలో పడుతుంది, వీడియో ఖాతా ఖాళీగా కనిపిస్తుంది. లింకు నొక్కి వచ్చేవాళ్ల కోసం ఒక్కో వీడియోకి వేర్వేరు యూటీఎం గుర్తులు (ఎక్కడినుంచి వచ్చారో తెలిపేలా లింకు చివర చేర్చే మాటలు) తగిలించిన లింకు ఇవ్వాలి. అన్ని వీడియోల కిందా ఒకే లింకు పెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

ఇక రెండు వీడియోలను పోల్చడం. ఒకదానికి 9 ఎంక్వైరీలు, ఇంకోదానికి 6 వచ్చాయనుకుందాం. మొదటిది ఒకటిన్నర రెట్లు మేలని తీర్మానించి రెండోది తీసేస్తారు. ఇంత చిన్న అంకెల్లో ఆ తేడా కేవలం కాకతాళీయం కావచ్చు. వచ్చే నెల తారుమారు కావచ్చు. పదుల్లో తేడా కనిపించేదాకా రెంటినీ ఉంచడమే మంచిది.

స్టూడియోలో చూడదగ్గది ఇంకొకటుంది, రిటెన్షన్ గ్రాఫ్. ఎన్నో సెకను దగ్గర ఎంతమంది మిగిలారో చూపే గీత అది. మొదట్లోనే నిటారుగా పడిపోతే టైటిల్ చెప్పినదానికీ వీడియో మొదలైన తీరుకీ పొంతన లేదన్నమాట. మధ్యలో ఒకచోట గీత పైకి లేచిందంటే అక్కడ జనం వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారు. సాధారణంగా అది కొలతో, పద్ధతో త్వరత్వరగా చెప్పేసిన చోటు. అంటే ఆ ముక్క మీదే ఒక వీడియో తీయాలని వాళ్లే చెబుతున్నారు.

చేతులు మారుతూ తిరిగే అంకెలు

వీడియో సేవలు అమ్మేవాళ్ల ప్రెజెంటేషన్లలో కొన్ని అంకెలు తప్పనిసరిగా ఉంటాయి. ‘ఒక నిమిషం వీడియో 18 లక్షల మాటలతో సమానం’ వాటిలో ఒకటి. ఇది ఫారెస్టర్ రీసెర్చ్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ విశ్లేషకుడు జేమ్స్ మెక్‌క్వీవీ పేరు మీద చలామణీ అవుతోంది. దీని వెనక ఉన్నదల్లా ఒక గుణకారం. బొమ్మ వెయ్యి మాటల పెట్టు అంటారు కదా, సెకనుకు 30 ఫ్రేములు (విడి బొమ్మలు), నిమిషానికి 60 సెకన్లు, మూడూ గుణిస్తే 18 లక్షలు. చమత్కారంగా బాగుంది. బడ్జెట్ వేసుకోవడానికి ఆధారం మాత్రం కాదు.

‘మనిషి ఏకాగ్రత 8 సెకన్లకు పడిపోయింది, గోల్డ్‌ఫిష్ కంటే తక్కువ’ అన్నది ఇంకొకటి. 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా నివేదికలో ఇది కనిపించాక ప్రపంచమంతా పాకింది. అయితే ఆ అంకె మైక్రోసాఫ్ట్ పరిశోధనలో తేలినది కాదు, వేరే గణాంకాల వెబ్‌సైటు నుంచి తెచ్చి పెట్టినది. 2017లో బీబీసీ దాని మూలం కోసం వెతికితే సరైన ఆధారమే దొరకలేదు. రెండున్నర గంటల సినిమా కదలకుండా చూసే మనుషులకు 8 సెకన్ల ఏకాగ్రత అంటే నమ్మబుద్ధి కూడా కాదు.

‘85 శాతం మంది శబ్దం లేకుండానే చూస్తారు’ అన్నదాని పుట్టుక 2016 నాటిది. ఫేస్‌బుక్ ఫీడ్‌లో తమ వీడియోలకు ఇలా జరుగుతోందని కొందరు ప్రచురణకర్తలు డిజిడే పత్రికకు చెప్పారు. అప్పట్లో ఆ ఫీడ్‌లో వీడియోలు శబ్దం లేకుండా వాటంతటవే ఆడేవి. దాన్ని తెచ్చి, జనం తామే వెతికి నొక్కి చూసే యూట్యూబ్‌కి అంటగట్టడం తప్పు. ‘పంపు నుంచి చప్పుడు ఎందుకు వస్తుంది’ అని వెతికినవాడు ఆ చప్పుడు వినడానికే వస్తాడు.

చిన్న వీడియోనే చూస్తారా?

దారిన పోయేవాడిని ఆపాలంటే చిన్నదిగా ఉండాలి, నిజమే. కొనాలా వద్దా అని తేల్చుకోలేక వెతుకుతున్న మనిషి ఏడు నిమిషాలైనా చూస్తాడు, మధ్యలో ఆపి భార్యనో అన్ననో పిలిచి మరీ చూపిస్తాడు. నిడివిని నిర్ణయించాల్సింది చూసేవాడి అవసరం. కొత్తవాళ్లకు కనబడటానికి 20 నుంచి 40 సెకన్లు, ఒక ప్రశ్నకు జవాబుకి రెండు మూడు నిమిషాలు, పని మొత్తం ఎలా సాగుతుందో చూపడానికి ఆరు నుంచి పది నిమిషాలు అని స్థూలంగా అనుకోవచ్చు. షార్ట్స్‌కి ఉన్న 60 సెకన్ల హద్దును యూట్యూబ్ కూడా 2024 అక్టోబర్ 15 నుంచి 3 నిమిషాలకు పెంచింది.

తప్పు జరిగేది నిడివిలో కంటే మొదట్లో. కంపెనీ లోగో తిరుగుతూ రావడం, దాని వెనక సంగీతం, ‘అందరికీ నమస్కారం, మా ఛానల్‌కి స్వాగతం, ముందుగా సబ్‌స్క్రైబ్ చేసుకోండి’ అనే మాటలు. ఇవన్నీ అయ్యేసరికి 15 సెకన్లు గడిచిపోతాయి, చూసేవాడు వెళ్లిపోతాడు. మొదటి వాక్యంలోనే ప్రశ్న వినబడాలి, మొదటి షాట్‌లోనే వస్తువు కనబడాలి. లోగో చివర పెట్టుకోవచ్చు. తప్పదనుకుంటే మూలన చిన్నగా ఉంచండి.

వైరల్ మోజు

తక్కువ ఖర్చుతో వైరల్ అయిన వీడియో అనగానే అందరూ చెప్పే ఉదాహరణ గడ్డం గీసుకునే బ్లేడ్లు అమ్మే అమెరికా కంపెనీ డాలర్ షేవ్ క్లబ్. 2012 మార్చిలో సుమారు 4,500 డాలర్లతో తీసిన ప్రకటన, రెండు రోజుల్లో 12,000 ఆర్డర్లు. ఈ కథ చెప్పేవాళ్లు వదిలేసే సంగతులే అసలైనవి. అందులో నటించిన వ్యవస్థాపకుడు మైకేల్ డూబిన్ అంతకుముందు ఏళ్ల తరబడి ఇంప్రొవైజేషన్ కామెడీ (అప్పటికప్పుడు అల్లి చేసే హాస్యం) నేర్చుకున్నవాడు. అమ్మింది పోస్టులో దేశమంతా పంపగల తేలికైన బ్లేడ్లు, అదీ నెలనెలా చందా మీద. కాబట్టి ఏ మూల ఎవరు చూసినా కొనగలరు, కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ కొంటారు. ఇంతా చేసి మొదటిరోజే జనం తాకిడికి వెబ్‌సైటు పడిపోయింది.

ఇరవై కిలోమీటర్ల పరిధిలో పని చేసేవారి వీడియో వేరే రాష్ట్రంలో లక్షమంది చూస్తే లాభం లేకపోగా నష్టం ఉంటుంది. సంబంధం లేని ఫోన్లకు జవాబులు చెప్పడంతో రోజు గడిచిపోతుంది. ఇంకా సూక్ష్మమైన నష్టం మరొకటి. సరదా వీడియో చూసి చేరిన ఫాలోవర్లకు తర్వాత మీరు పెట్టే పని వీడియోలు అక్కర్లేదు, చూడకుండా జరిపేస్తారు. వేదిక కొత్త వీడియోను ముందుగా ఇలాంటివాళ్లకే చూపించినప్పుడు స్పందన పేలవంగా వస్తుంది, అసలు కావలసినవాళ్ల దాకా అది చేరడం కష్టమవుతుంది.

డబ్బు పెట్టి బూస్ట్ చేసేటప్పుడూ ఇదే పొరపాటు ఇంకో రూపంలో జరుగుతుంది. ప్రకటన లక్ష్యంగా ‘వీడియో వ్యూస్’ ఎంచుకుంటే వేదిక నిజాయితీగా అదే పని చేస్తుంది: చవగ్గా వ్యూస్ ఇచ్చేవాళ్లను, అంటే ఏది కనబడినా చూస్తూ కూర్చునే అలవాటున్నవాళ్లను వెతికి చూపిస్తుంది. వేల వ్యూస్ వస్తాయి, ఫోన్ మోగదు. కావలసింది మెసేజీలో, కాల్సో అయితే లక్ష్యంగా వాటినే ఎంచుకోవాలి. పరిధిని మీరు నిజంగా వెళ్లగల దూరానికే కుదించాలి. ఒక్కో వ్యూ ఖరీదు అప్పుడు ఎక్కువ కనిపిస్తుంది. కంగారుపడనక్కర్లేదు, లెక్క చూడాల్సింది ఒక్కో ఎంక్వైరీకి ఎంత పడిందనే.

కెమెరా కొంటే నాణ్యత వస్తుందా?

ఖరీదైన కెమెరా లేక వీడియోలు బాగా రావడం లేదన్నది చాలా గట్టి నమ్మకం. ఈమధ్య ఫోన్లలో ఏదైనా సరే 1080పీ వీడియో బాగానే తీస్తుంది. చూసేవాళ్లు మసకబారిన బొమ్మను భరిస్తారు, వినబడని మాటను భరించరు. ముందు చూసుకోవలసింది శబ్దం, తర్వాత వెలుతురు, ఆ తర్వాతే కెమెరా.

శబ్దం ఎందుకు చెడుతుందో తెలిస్తే బాగుచేయడం తేలిక. నోటికీ మైక్‌కీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని, ఫ్యాన్ హోరు మాత్రం గదంతా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటాయి. అందుకే ఫోన్‌ను రెండు మీటర్ల అవతల పెట్టి మాట్లాడితే నూతిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. ఎడిటింగ్‌లో శబ్దం పెంచితే గొంతుతో పాటు హోరూ పెరుగుతుంది. దీనికి మందు దూరం తగ్గించడమే. కాలర్ మైక్‌ను గడ్డానికి 15 నుంచి 20 సెంటీమీటర్ల కింద, ఛాతీ మధ్యలో తగిలించాలి. దుస్తుల మడతలో దాస్తే రాపిడి శబ్దం వస్తుంది. ఫ్యాన్, ఏసీ ఆపేయాలి. ఖాళీ గది కంటే పరుపులు, కర్టెన్లు, సామాను నిండిన గది మేలు.

వైర్‌లెస్ మైక్ కొన్నవాళ్లకు ఎదురయ్యే చిత్రమైన సమస్య ఒకటుంది. రిసీవర్ ఫోన్‌కి తగిలించి ఉంటుంది, దీపం వెలుగుతుంటుంది, కానీ కెమెరా యాప్ ఫోన్ సొంత మైక్ నుంచే రికార్డు చేస్తుంటుంది. అరగంట తీశాక గానీ తెలియదు. అందుకని ప్రతిసారీ రికార్డింగ్ పెట్టి, మైక్ మీద గోటితో మెల్లగా గీకి, పది సెకన్లు మాట్లాడి, ఆపి, ఇయర్‌ఫోన్స్‌లో వినాలి. గీకిన చప్పుడు గట్టిగా వినబడితే మైక్ పనిచేస్తున్నట్టు. రికార్డింగ్ స్థాయి కనబడే యాప్ అయితే గట్టిగా మాట్లాడినప్పుడు సూచిక మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఆడాలి. సున్నాను తాకి చిరిగిపోయిన గొంతును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు.

అసలు మైకే కొనకుండా కూడా గట్టెక్కవచ్చు. ఇంట్లో ఉన్న రెండో ఫోన్లో వాయిస్ రికార్డర్ పెట్టి, కెమెరాలో పడకుండా ఛాతీకి దగ్గరగా బల్ల మీద ఉంచండి. రెండూ నడుస్తుండగా కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో చేతులు కలిసిన ఫ్రేమ్‌నూ, శబ్దంలో నిటారుగా లేచిన గీతనూ ఒకచోటికి జరిపితే రెండూ కలిసిపోతాయి. తర్వాత ఫోన్ కెమెరా శబ్దాన్ని పూర్తిగా తగ్గించేయండి.

వెలుతురు విషయంలో కిటికీని మించింది లేదు, వెనక పెట్టుకోకుండా ఉంటే. మొహానికి 45 డిగ్రీల పక్కగా కిటికీ ఉండాలి. వెనక ఉంటే కెమెరా కిటికీ వెలుగుకి సర్దుకుని మనిషిని నల్లగా చేస్తుంది. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు: పగటి వెలుతురు సుమారు 5,600 కెల్విన్, ఇళ్లలోని పసుపు బల్బు 2,700 నుంచి 3,000 కెల్విన్. రెండూ కలిస్తే మొహం సగం నీలంగా, సగం నారింజగా వస్తుంది. ఏదో ఒకటే ఉంచండి. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు మోతాదు) లాక్ చేయకపోతే తెల్ల వస్తువు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా బొమ్మంతా చీకటిపడుతుంది. లైట్ల కింద తీసిన వీడియోలో చారలు కదులుతున్నాయంటే షట్టర్ వేగానికీ కరెంటు సైకిళ్లకీ పొత్తు కుదరలేదు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట షట్టర్ 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెట్టాలి.

లెన్స్ తుడవడం గురించి చెప్పడం చిన్నతనంగా ఉంటుంది గానీ, ‘మా ఫోన్ కెమెరా మసకగా ఉంది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు అదే. ఇంకో రెండు: తీసేముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. ఎడిట్ చేసేవారికి వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే వీడియో నలిగిపోతుంది.

ఒక్క వీడియో తీసి అన్నిచోట్లా పెట్టడం

అడ్డంగా తీసినదాన్ని నిలువుగా కత్తిరిస్తే సరిపోతుందనుకుంటారు. లెక్క వేసి చూడండి. 16:9 ఫ్రేమ్‌లోంచి అదే ఎత్తుతో 9:16 ముక్క తీస్తే వెడల్పులో మూడోవంతు కూడా మిగలదు, 32 శాతం లోపే. పనిచేసే చేతులు ఒకవైపు, పనిముట్టు ఒకవైపు ఉంటే రెండింటిలో ఒకటి ఎగిరిపోతుంది. రెండు రూపాలూ కావాలంటే తీసేటప్పుడే ముఖ్యమైనదంతా ఫ్రేమ్ నడిమి మూడోవంతులో ఉండేలా చూసుకోవాలి. 4కేలో తీస్తే కత్తిరించాక కూడా నాణ్యత నిలుస్తుంది, మెమరీ మాత్రం త్వరగా నిండుతుంది. ముఖ్యమైన షాట్లు ఫోన్ తిప్పి రెండోసారి తీసుకోవడం అన్నిటికంటే సులువు.

నిలువు వీడియోల్లో కింది భాగాన్ని పేరు, వివరణ ఆక్రమిస్తాయి, కుడి అంచున గుండె, కామెంటు బొమ్మలు ఉంటాయి. చాలామంది ఫోన్ నంబరు తీసుకెళ్లి సరిగ్గా అక్కడే పెడతారు. కింద ఐదోవంతు, కుడివైపు ఒక పట్టీ ఖాళీగా వదిలేయడం క్షేమం. క్యాప్షన్లకూ ఇదే వర్తిస్తుంది. వాటంతటవే పుట్టే క్యాప్షన్లను వాడుకోవచ్చు. కానీ పేర్లు, కొలతలు, అంకెలు ఒక్కోటీ సరిచూడాలి. ‘పదిహేను’ అన్నది ‘పదహారు’గా పడితే రేపు దెబ్బలాట మీతోనే.

పాట వాడుకుంటే ఏమవుతుంది?

‘ఏడు సెకన్లలోపు వాడితే కాపీరైట్ వర్తించదు’, ‘పేరు వేస్తే చాలు’. రెండూ తప్పే. అంత వరకు ఉచితం అని చెప్పే సెకన్ల నియమం ఏదీ లేదు. పాటగాడి పేరు వేయడం మర్యాదే గానీ, అనుమతితో సమానం కాదు. యాప్‌లోనే ఆ పాట దొరికింది కదా అంటారు. వేదికలు సంగీత సంస్థలతో చేసుకున్న ఒప్పందాలు ప్రధానంగా వ్యక్తిగత వాడకానికి. అందుకే ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతాకు మారగానే చాలా పాటలు కనబడకుండా పోతాయి. ఆ పాటల కోసం ఖాతాను మళ్లీ పర్సనల్‌కి మార్చి వ్యాపార వీడియోలు పెట్టేవాళ్లున్నారు, ఖాతా రకం మారినా వాడకం వ్యాపారమే. టిక్‌టాక్ వీడియోల్లో అనుమతి లేకుండా పాటలు వాడిన కేసుల్లో బ్యాంగ్ ఎనర్జీ అనే పానీయాల కంపెనీ 2022లో యూనివర్సల్, సోనీ సంస్థల చేతిలో అమెరికా కోర్టుల్లో ఓడిపోయింది.

ఎక్కించిన వీడియోల్లో ఇతరుల పాటలను, దృశ్యాలను దానంతటదే గుర్తుపట్టే కంటెంట్ ఐడీ వ్యవస్థ యూట్యూబ్‌లో 2007 నుంచీ ఉంది. అది పట్టుకుంటే శబ్దం పోవచ్చు, వీడియో ఆగిపోవచ్చు, లేదా మీ వీడియో మీద వచ్చే ప్రకటనల రాబడి హక్కుదారుకి పోతుంది. ఆ ప్రకటన మీ పోటీదారుదే కావచ్చు కూడా. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ, మెటా సౌండ్ కలెక్షన్, టిక్‌టాక్ కమర్షియల్ లైబ్రరీ వంటివి వ్యాపారాలకూ పనికొస్తాయి. ఒక వేదిక లైబ్రరీలో తీసుకున్నది ఇంకో వేదికలో చెల్లుతుందో లేదో షరతులు చదివి తెలుసుకోండి. కొన్న సంగీతమైతే లైసెన్సు కాగితం దాచండి, డబ్బు పెట్టి నడిపే ప్రకటనలకు అది వర్తిస్తుందో లేదో కూడా చూసుకోండి. ఎక్కువసార్లు మరిచిపోయేది అక్కడే.

కస్టమర్ మాట్లాడిన వీడియో పెట్టేముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఉచితంగా ఏదైనా ఇచ్చి మాట్లాడిస్తే ఆ సంగతి వీడియోలోనే కనబడాలి.

ఎక్కించేస్తే వాళ్లే వెతుక్కుంటారా?

వెతుకుతారు, వాళ్ల మాటల్లో. అలమరాలు చేసేవారు టైటిల్‌లో ‘ప్రీమియం మాడ్యులర్ సొల్యూషన్స్’ అని రాస్తారు; కొనేవాళ్లు ‘అలమర తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు’ అని వెతుకుతారు. ఫోన్లో మీకు వచ్చే ప్రశ్నలను, అడిగినవాళ్లు అడిగినట్టే, ఒక నెలపాటు రాసుకోండి. ఎక్కువసార్లు వచ్చినవాటిలో మొదటి పది మీ మొదటి పది వీడియోల టైటిళ్లు. ఇంతకంటే మంచి కంటెంట్ ప్లాన్ ఏ ఏజెన్సీ ఇవ్వలేదు.

ట్యాగుల పెట్టె నింపడానికి అరగంట ఖర్చుపెట్టొద్దు. వెతుకులాటలో వాటి పాత్ర చాలా తక్కువని, జనం తరచూ తప్పుగా రాసే పేర్లకే ముఖ్యంగా పనికొస్తాయని యూట్యూబే తన సహాయ పేజీల్లో చెబుతుంది. ఆ సమయాన్ని చాప్టర్లకు వాడండి. వివరణలో 0:00తో మొదలుపెట్టి కనీసం మూడు సమయాలు, ఒక్కో చాప్టర్ కనీసం 10 సెకన్లు ఉండేలా రాస్తే చాలు, వీడియో పట్టీ ముక్కలుగా విడిపోతుంది. కావలసిన చోటికి నేరుగా వెళ్లగలిగితే జనం పొడవైన వీడియోకి భయపడరు.

షార్ట్స్‌లో ‘లింకు కింద వివరణలో ఉంది’ అని చెప్పేవాళ్లు ఇంకా కనబడుతున్నారు. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలో, కామెంట్లలో లింకులు నొక్కితే పనిచేయవు. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లోనూ అంతే. షార్ట్‌కి ‘రిలేటెడ్ వీడియో’గా మీ పెద్ద వీడియోను జతచేసి, లింకు అక్కడ పెట్టాలి. లేదా వ్యాపారం పేరు, ఫోన్ నంబరు తెర మీదే కనబడాలి.

వెబ్‌సైటు పేజీలో వీడియో అతికిస్తే గూగుల్‌లో పైకి వస్తుందన్న నమ్మకం కూడా పాతబడింది. వీడియోయే ప్రధానంగా ఉన్న పేజీలకు తప్ప మిగతావాటికి శోధన ఫలితాల్లో వీడియో బొమ్మ చూపడాన్ని గూగుల్ 2023లో మానేసింది. ముఖ్యమైన వీడియోకి ప్రత్యేకంగా ఒక పేజీ కేటాయించి, వీడియోను పైనే పెట్టి, కింద దాని సారాంశం రాయాలి. అయిదారు ప్లేయర్లు ఒకే పేజీలో అతికిస్తే పేజీ తెరుచుకోవడానికే సమయం పడుతుంది. బొమ్మ మాత్రం పెట్టి, నొక్కినప్పుడే ప్లేయర్ వచ్చేలా చేయించండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో కూడా వీడియో పెట్టుకునే వీలుందని చాలామందికి తెలియదు. 30 సెకన్లలోపు, 75 ఎంబీలోపు, కనీసం 720పీ ఉండాలి. దగ్గరలో ఎవరున్నారా అని వెతికేవాళ్లు ముందు చూసేది ఆ ప్రొఫైలే.

రోజుకొకటి పెట్టకపోతే?

ఏమీ కాదు. కొన్నాళ్లు ఆపితే ఛానల్‌ను తొక్కేస్తారన్నది యూట్యూబ్ ప్రతినిధులే కొట్టిపారేసిన మాట. రోజుకొకటి పెట్టాలని కూర్చుంటే రెండో వారానికి పండగ శుభాకాంక్షల బొమ్మలు, పక్కవాళ్లను చూసి చేసిన డాన్సులు మొదలవుతాయి, నెలాఖరుకి అన్నీ ఆగిపోతాయి. వారానికి ఒకటి, అది కూడా కష్టమైతే రెండు వారాలకొకటి చాలు. ఒకే పూట నాలుగు తీసిపెట్టుకుంటే మైక్, వెలుతురు సర్దుకునే శ్రమ ఒక్కసారే పడుతుంది. మాట్లాడాల్సింది పూర్తిగా రాసి చదివితే గొంతు చప్పబడుతుంది. నాలుగైదు ముక్కల్లో సారం రాసుకుని, ఒక్కో ముక్కా విడిగా చెప్పి రికార్డు చేస్తే తడబడినప్పుడు మొత్తం మళ్లీ తీయనక్కర్లేదు. ముక్కల మధ్య అతుకు కనబడకుండా చేతులు, వస్తువు, పనిముట్లు దగ్గరనుంచి తీసిన షాట్లు కనీసం పది, ఒక్కోటి ఐదు నుంచి ఎనిమిది సెకన్లు, పక్కన ఉంచుకోండి.

మాటల్లో ధరలు, తేదీలు, ఆఫర్లు చెప్పకండి. యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించాక అదే లింకు మీద కొత్త ఫైలు పెట్టడం కుదరదు. కొంత కత్తిరించొచ్చు, కొంత మసకబార్చొచ్చు, అంతే. ధర మారిన రోజున వీడియో తీసేస్తే దానికి అప్పటిదాకా వచ్చిన వ్యూస్, కామెంట్లు, వేరేచోట్ల అతికించిన లింకులు అన్నీ పోతాయి. మారేవన్నీ వివరణలోనూ పిన్ చేసిన కామెంట్‌లోనూ రాస్తే రెండు నిమిషాల్లో దిద్దుకోవచ్చు. ఇప్పటికే ధర చెప్పేసిన పాత వీడియో ఉంటే, గిరాకీ తెస్తున్నంత కాలం దాన్ని తీయకుండా ఆ సెకన్ల ముక్కను మాత్రం ఎడిటర్‌లో కత్తిరించి, పిన్ చేసిన కామెంట్‌లో కొత్త ధర రాయండి.